గిన్నె మీద పేరు



పెళ్ళిలో ప్రవర చెప్పే ముందు పురోహితుడు పెళ్ళికొడుకు తండ్రిని పక్కకు పిలిచి పేర్లు అడుగుతాడు. మీ పేరు, మీ నాన్నగారి పేరు, మీ తాతగారి పేరు. మొదటి రెండూ టక్కున వస్తాయి. మూడో పేరు దగ్గర చాలా ఇళ్ళల్లో తడబాటు మొదలవుతుంది. విడిదింట్లో కునుకు తీస్తున్న పెదనాన్నను లేపుతారు. ఊళ్ళో ఉండిపోయిన మేనత్తకు ఫోను చేస్తారు. ఎలాగో ఒక పేరు దొరుకుతుంది, ముహూర్తం దాటకుండా ప్రవర పూర్తవుతుంది. ఆ పేరుగల మనిషి ఏ పని చేసి బతికాడో, ఏ కరువు దాటాడో, ఏ ఊరు వదిలి ఈ ఊరికి ఎందుకొచ్చాడో ఆ పందిట్లో ఎవరూ అడగరు. ఆయన భార్య పేరైతే పురోహితుడు కూడా అడగడు.

అలా ఎవరూ అడగని సంగతుల గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పుకుందాం. పూర్వుల పేర్లు నిలబెట్టడానికి మన దగ్గర చాలా ఏర్పాట్లున్నాయి. వాళ్ళ బతుకు నిలబెట్టే పని మాత్రం ఇంట్లోవాళ్ళే చేసుకోవాలి. పెద్దవాళ్ళు నోరారా చెప్పగలిగిన రోజుల్లోనే చేసుకోవాలి.

పేర్ల సంగతి ముందు చూద్దాం. తర్పణాలు వదిలేటప్పుడు తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు తలుస్తారు. అక్కడ స్త్రీల పేర్లూ వస్తాయి, అంతవరకు మంచిదే. కాశీకో గయకో వెళ్ళినవాళ్ళకు పండాల పుస్తకాలు తెలిసే ఉంటాయి. ఫలానా ఊరివాళ్ళమని చెబితే, ఎప్పుడో వచ్చి వెళ్ళిన మన తాత చేవ్రాలు తీసి చూపించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇక మన పల్లెల్లో ఈ పనే కులవృత్తిగా చేసినవాళ్ళున్నారు. రెడ్ల, కాపుల ఇళ్ళకు పిచ్చుకుంట్లవారు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు, వంశక్రమం చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు పటం విప్పి కులపురాణం చెప్పేవారు. కళ్ళం దగ్గర గింజలు కొలిచి ఇస్తే ఏడాదికోసారి వచ్చి పూర్వుల పేర్లు గుర్తుచేసి వెళ్ళే మనుషులు వీళ్ళు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు వేరే పనుల్లో ఉన్నారు. మీ ఊరికి ఇప్పటికీ ఎవరైనా వస్తుంటే, వాళ్ళు చెప్పేది రికార్డు చేసుకోండి. ఊరికే చేసుకోకండి, వాళ్ళకు దక్కాల్సిన మర్యాదా సంభావనా ఇచ్చి చేసుకోండి. ఆ విద్య వాళ్ళది.

అయితే ఇవన్నీ దాదాపుగా పేర్లు, గోత్రాలు, పురాణం. మనిషి బతుకు వీటిలో దొరకదు.

బతుకు దొరికిన చోట్ల, దాన్ని ఎవరో ఒకరు పట్టుదలగా కాపాడి ఉంటారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831లో తిరిగొచ్చాడు. దారిపొడుగునా ఏ మజిలీలో నీళ్ళు బాగున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ ఏరు ఎలా దాటాలి, అన్నీ రాశాడు. ఆ రాతలు అందుకున్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె వాటిని భద్రం చేశాడు కాబట్టే, వీరాస్వామయ్య పోయాక 1838లో అవి అచ్చయ్యాయి. మద్రాసు సదర్ అదాలతులో తర్జుమాదారుగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితాన్ని ఇంగ్లీషులో రాసి 1839లో కన్నుమూశాడు. దాన్ని ఆయన కొడుకు 1873లో అచ్చువేయించాడు. అంటే ముప్పై ఏళ్ళకు పైగా ఆ కాగితాలు ఇంట్లో చెదలు పట్టకుండా, పొయ్యిలోకి పోకుండా ఉన్నాయి. రాసినవాడిని మనం మెచ్చుకుంటాం. అన్నేళ్ళు దాచినవాళ్ళకూ దండం పెట్టాలి.

మరి రాతే లేని ఇళ్ళ మాటేమిటి? నాకు ఎక్కువ పట్టింపు ఇక్కడే. వై.బి. సత్యనారాయణ రాసిన ‘మా నాయన బాలయ్య’ చదివారా? కరీంనగర్ ప్రాంతపు వంగపల్లి అనే ఊరు విడిచి, రైల్వే పనుల్లోకి వచ్చి, బిడ్డల్ని చదివించుకున్న ఒక మాదిగ కుటుంబం కథ అది. అలాంటి ఇంటికి తాళపత్రాలు, సనదులు ఎక్కణ్ణుంచి వస్తాయి? తాతలు తండ్రులకు చెప్పింది, తండ్రులు కొడుకులకు చెప్పింది, అదే ఆధారం. దాంతోనే తరాల చరిత్ర నిలబడింది. అలాగే 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, టేపురికార్డరు పెట్టి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు తీసుకున్నారు. అడవిలో ఆకలి, చంటిబిడ్డను ఎవరికో అప్పగించి రావడం, పోరాటం ఆగాక ఇంటికొస్తే ఊళ్ళో చూసిన చూపు, ఇలాంటివి అంతకుముందు ఏ చరిత్ర పుస్తకంలో ఉన్నాయి? అడిగారు కాబట్టి మనకు దక్కాయి.

ఇక ఇంట్లో ఏముందో వెతుకుదాం. చాలామంది మా ఇంట్లో ఏమీ లేదండీ అంటారు. అటక ఎక్కి చూశాక ఆ మాట చెప్పమంటాను నేను. పాత చదివింపుల పుస్తకం ఉందా? పెళ్ళిలో ఒకాయన కూర్చుని, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఎంత చదివించారో రాసిన నోటుబుక్కు. పావలా, అర్ధరూపాయి, రెండు రూపాయలు, జాకెట్టు ముక్క, ఇత్తడి చెంబు. ఆ పేర్లు చదువుతూ పోతే అప్పట్లో మీ వాళ్ళకు ఏయే ఊళ్ళతో రాకపోకలున్నాయో, ఎవరితో సంబంధం బాగుందో, ఆ తర్వాత ఏ కొమ్మ దూరమైందో తెలిసిపోతుంది. జాతకచక్రం ఉంటే పుట్టిన సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం దొరుకుతాయి. బడిలో వేయించేటప్పుడు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన పుట్టినతేదీ కంటే అది నమ్మదగింది. చెల్లు వేసిన ప్రోనోట్లు, శుభలేఖలు, కార్డుముక్కలు, పాత రేషను కార్డు, ఏదీ పారేయకండి.

కాగితాల కన్నా నేను ముందు చూసేది గిన్నెలు. మన ఆడవాళ్ళకు సారెలో ఇచ్చిన సామాను మీద పేర్లు కొట్టించేవారు కదా, వాటిని.

మా మేనత్త ఇంట్లో అటక మీద సామాను దించినప్పుడు ఒక ఇత్తడి గుండిగ బయటపడింది. అడుగంతా మసి, పైన పచ్చగా చిలుము. చింతపండు పెట్టి తోమితే అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనిపించాయి. ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత ఒక ఆడమనిషి పేరు, తర్వాత ఊరు, చివర 1931. ఆ పేరు ఎవరిదో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. ఊరు చూశాక మేనత్తే గుర్తుపట్టింది. అది వాళ్ళ అత్తగారి పుట్టిల్లు. ఆవిడ కాపరానికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఆడపడుచుకు అదే పేరు ఉందట. ఒకే ఇంట్లో ఒకే పేరు పిలవడం ఇబ్బందని కోడలికి వేరే పేరు పెట్టారట. ఆ పెట్టిన పేరుతోనే ఆవిడ బతికింది, ఆ పేరుతోనే పోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఈ లోకంలో ఆ గుండిగ మీద ఒక్కచోటే మిగిలింది.

అలాంటి ఇత్తడి ఎంత కాటాలోకి పోయిందో తలచుకుంటే నాకు గుండె తరుక్కుపోతుంది. స్టీలు వచ్చిన కొత్తలో వీధిలోకి వచ్చిన సామానువాడికి బిందెలు, గంగాళాలు వేసి మెరిసే పళ్ళేలు తీసుకున్నాం. వాటితో పాటు నాయనమ్మల పేర్లూ కరిగిపోయాయి. మీ ఇంట్లో మిగిలినవేమైనా ఉంటే, ఇవాళే అంచులు తోమి చూడండి. పేరు, ఊరు, సంవత్సరం ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు తెలుసుకోవడానికి ఇంకో దారి పసుపు కుంకుమల కింద రాసిన భూమి దస్తావేజు. ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య అని అందులో రెండూ ఉంటాయి. రిజిస్టరైనదైతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసుకోవచ్చు.

తారీఖుల విషయానికొస్తే, పెద్దవాళ్ళు సంవత్సరం అంకెల్లో చెప్పరు. నేను పుట్టింది వికారిలో అంటారు. వికారి అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1899, 1959, 2019. మనిషిని బట్టి ఏదో తేలిపోతుంది. లేకపోతే ఉప్పెనప్పుడు మా అన్న ఏడాది పిల్లాడు అంటారు. దివిసీమ వాళ్ళయితే అది 1977 నవంబరు. వాళ్ళ తాతల నోట బందరు ఉప్పెన అని విని ఉంటే అది 1864. ధాత కరువు అంటే 1876. హైదరాబాదు వాళ్ళు మూసీ వరద అంటే 1908. విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డ రోజంటే 1942 ఏప్రిల్. రజాకార్ల కాలం, పోలీసు చర్య అంటే 1948. నయాపైసలొచ్చిన ఏడంటే 1957. ఈ గుర్తుల పట్టీ ఒకటి రాసుకుని పక్కన పెట్టుకుంటే పెద్దవాళ్ళు చెప్పే ప్రతి సంగతికీ కాలం కుదురుతుంది. పాత మద్రాసు రాజధాని రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అని ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1330 అంటే 1920 జులైలో మొదలైన ఏడాది.

సర్కారు కాగితాల్లోనూ మనుషులు ఉంటారు. ఇనాం భూములున్న కుటుంబాలకు 1858 తర్వాత జరిగిన ఇనాం విచారణ రిజిస్టర్లు పెన్నిధి. మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, అతని వయసెంత, మొదటివాడికి ఇతనికి చుట్టరికమేమిటి అన్నది అందులో రాశారు. ఆంధ్ర ప్రాంతంలో డైగ్లాట్ రిజిస్టర్లు, తెలంగాణలో సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి లెక్కలు చూడాలి. తార్నాకలో తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మద్రాసు రాజధాని కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. భూమి లేనివాళ్ళు వీటిలో కనబడరన్న మాట మాత్రం మరిచిపోకూడదు. కౌలుదారు, పాలేరు, కూలి మనిషి పేరు పట్టాలో ఉండదు.

విచిత్రమేమిటంటే, సొంత ఊళ్ళో ఏ దస్త్రంలోనూ లేని అలాంటి కూలి మనుషుల పేర్లు సముద్రం దాటాక దస్త్రాల్లోకెక్కాయి. ఒప్పందపు కూలీలుగా మారిషస్‌కు 1834 నుంచి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి, ఫిజీకి ఆ తర్వాత మనవాళ్ళు వెళ్ళారు. ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ ఓడల పట్టీల్లో మనిషి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చో గాయం మచ్చో, అన్నీ రాశారు. మనుషుల్ని సరుకులాగా లెక్క పెట్టుకోవడానికి రాసిన రాతలవి. ఈనాడు మనవలు, మునిమనవలు కన్నీళ్ళతో చదువుకునేది వాటినే. మారిషస్ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అలా వచ్చినవాళ్ళ రిజిస్టర్లు, ఫోటోలు కూడా ఉన్నాయి.

ఆ దేశాల్లోని తెలుగువాళ్ళు పూర్వుల ఊరు వెతుక్కుంటూ వస్తే మనం కాస్త తోడుండాలి. ఊరి పేరును పట్టీ రాసిన గుమాస్తా తన చెవికి వినబడ్డట్టు రాశాడు, పలికి చూస్తే తప్ప పోల్చుకోలేం. జిల్లాలూ అప్పటివి. ఉత్తర ఆర్కాటు అని ఉంటే మనిషి తమిళుడని అనుకోనక్కర లేదు, చిత్తూరు జిల్లాలో చాలా భాగం 1911 దాకా అందులోదే. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, అంతకుముందు ఆ ఊళ్ళు విశాఖపట్నం జిల్లాలోనో గంజాంలోనో కనిపిస్తాయి. ఒంగోలు వైపు వాళ్ళను గుంటూరులోనో నెల్లూరులోనో వెతకాలి. పైగా అక్కడ చాలామందికి తండ్రి పేరో కులం పేరో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. అసలు ఇంటిపేరు ఊళ్ళో ముసలివాళ్ళకెవరికైనా గుర్తుంటే తప్ప దారి దొరకదు. ఫలానా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడట, మళ్ళీ రాలేదట అన్న ఒక్క మాట మీ ఇంట్లో ఎవరైనా అనగా విన్నారా? రాసిపెట్టండి. ఆ మాట కోసం సముద్రం అవతల ఎవరో ఎదురుచూస్తుండవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, మనుషుల్ని అడగడం. ఎలా అడగాలి? మీ జీవితం గురించి చెప్పండి అంటే ఏ పెద్దావిడా చెప్పదు. నా బతుకులో ఏముందిరా చెప్పడానికి అని ఒక్కమాటతో కొట్టిపారేస్తుంది. పని గురించి అడగాలి. మా మేనత్తను నేను అడిగింది ఒక్కటే. “అత్తా, నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవాళ్ళు?” అని. “ఊరచెరువు నుంచేరా. కావిడి మీ మామయ్య ముట్టుకునేవాడు కాదు. నేనూ మా తోడికోడలూ రెండేసి బిందెలు. కడుపుతో ఉన్నా అంతే” అంది. కాసేపు ఊరుకుంది. నేనూ ఏమీ అనలేదు. అప్పుడు, చెరువుగట్టు మీద జారిపడి పోగొట్టుకున్న తొలిచూలు గురించి చెప్పింది. మా ఇంట్లో ఎవరికీ, ఆవిడ కన్నకూతురికి కూడా, అంతవరకు తెలియని సంగతి అది.

అలా ఊరుకోవడం నేర్చుకోవాలి. మధ్యలో దూరి తారీఖు సరిచేయకండి, అది తర్వాత చూసుకోవచ్చు. ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, టీవీ కట్టేయండి, రికార్డు చేస్తున్నానని చెప్పి ఒప్పించుకోండి. మొదట్లో మీ గొంతుతో ఆ రోజు తేదీ, ఊరు, మాట్లాడుతున్నది ఎవరో చెప్పండి. కాగితం మీద పెట్టేటప్పుడు వాళ్ళ మాటను పుస్తకాల భాషలోకి మార్చకండి. నెల్లూరు యాసైతే నెల్లూరు యాసే, పాలమూరు మాటైతే పాలమూరు మాటే. అదే సంగతి బాబాయి ఒకలా, మేనమామ ఇంకోలా చెబితే రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన రాయండి. తీర్పు మనం చెప్పక్కర్లేదు.

కొన్ని సంగతులు కష్టంగా ఉంటాయి. అన్నదమ్ముల ఆస్తి తగాదా, రెండో సంసారం, అప్పులకు భయపడి రాత్రికి రాత్రి ఊరు వదలడం, కులం కాని పెళ్ళి చేసుకున్న పిల్లను చచ్చిపోయిందని చెప్పి నీళ్ళు వదలడం. ఇవి లేని ఇల్లు లేదు. బతికున్నవాళ్ళకు నొప్పి కలిగించేదాన్ని ఇప్పుడే నలుగురికీ పంచక్కర్లేదు, ఒక కవరులో పెట్టి ఉంచవచ్చు. కానీ చెరిపేయకూడదు, అబద్ధం రాయకూడదు. మా పూర్వులు ఫలానా సంస్థానంలో దివాన్లు అని చెప్పుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆధారముంటే సంతోషం. లేకపోతే, కులం కాని పెళ్ళి చేసుకున్న ఆ పిల్ల కథ మీ వంశానికి దివాను కథకన్నా తక్కువేమీ కాదని నా నమ్మకం.

భద్రం చేసే విషయంలో రెండు మూడు మాటలు. పాత కాగితాలను లామినేషను చేయించకండి, చేయించాక ఇక విడదీయలేం. సెల్లో టేపు అంటించకండి, దాని జిగురు కాగితాన్ని పచ్చగా మార్చి తినేస్తుంది. ఫోటో వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయకండి, మెత్తని పెన్సిలుతో ఎవరెవరో రాయండి, ఎడమ నుంచి కుడికి. తాళపత్రాలుంటే నిమ్మగడ్డి నూనె మన పెద్దల కాలం నుంచీ వాడుతున్నదే, తెలిసినవాళ్ళ చేత పూయించండి. తాత గొంతు ఉన్న క్యాసెట్టు ఇంట్లో ఉంటే ముందు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించండి, ఆ టేపులు పాడైపోతున్నాయి. వాట్సాప్‌లో పంపిన ఫోటో చిక్కిపోతుంది, అసలు కాపీ వేరే దాచుకోండి. కాపీలు మగపిల్లలకే కాదు, ఆడపిల్లల ఇళ్ళకూ పంపండి. వాళ్ళకూ ఆ తాతే తాత.

చివరగా తెలంగాణలోని శ్రోతలకు ఒక ప్రత్యేకమైన మనవి. మీ ఇళ్ళలోని నిజాము కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, అదీ గొలుసుకట్టు శికస్తా రాతలో. ఉర్దూ చదివినవాళ్ళందరికీ ఆ రాత కొరుకుడు పడదు. దాన్ని ధారాళంగా చదవగలిగిన పాతకాలపు మున్షీలు, పట్వారీ కుటుంబాల పెద్దలు ఇప్పుడు బాగా వృద్ధులు. ఆ కాగితాలు సంచిలో వేసుకుని వాళ్ళ దగ్గరికి ఈ నెలలోనే వెళ్ళండి. ఒక్కొక్కటీ చదివించి, అక్కడే కూర్చుని తెలుగులో రాసుకోండి. చదివిపెట్టిన ఆ పెద్దాయన పేరు, తేదీ కింద రాసి, అసలు కాగితంతో కలిపి దాచండి.